సీఆర్‌పీ నార్మల్ వచ్చింది కదా, కంటి చుక్కలు ఆపేయొచ్చా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 29 ఏళ్ళు, పద్నాలుగు నెలల్లో ఇది మూడోసారి, రెండుసార్లు కుడి కన్ను, ఇప్పుడు ఎడమది ఎర్రబడి వెలుగు చూడలేక గదిలో లైటు ఆపేసి కూర్చున్నాడు, డాక్టరు గారు యూవియైటిస్, అంటే కంటి లోపలి పొరల వాపు అని చెప్పి గంటకోసారి వేసే స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చారు. పదో రోజుకి ఎరుపు తగ్గింది. ఆ టైములో చేయించిన రక్తపరీక్షల్లో, వాపు ఉంటే పెరిగే ప్రొటీన్ సీఆర్‌పీ 3.8 అని నార్మల్, ఈఎస్‌ఆర్ 44 అని ఎక్కువ, హెచ్‌ఎల్‌ఏ బీ27 పాజిటివ్, లూపస్ లాంటి జబ్బులకి చూసే ఏఎన్‌ఏ 1:80 పాజిటివ్, టీబీకి చర్మం మీద చేసే మాంటూ 14 మిల్లీమీటర్లు. మీ ప్రశ్న ఏంటంటే సీఆర్‌పీ నార్మల్ కాబట్టి వాపు పోయినట్టేనా, చుక్కలు ఆపేయొచ్చా, లేకపోతే ఈఎస్‌ఆర్ ఎక్కువుంది కాబట్టి లోపల ఇంకా మంట ఉందా, ఏది నమ్మాలి అని.

ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత ఎందుకో చెప్తాను. చుక్కలు ఆపొద్దు. సీఆర్‌పీ చూసి ఆపొద్దు, ఈఎస్‌ఆర్ చూసి పెంచొద్దు. ఆ రెండు నంబర్లలో ఏదీ మీ తమ్ముడి కంట్లో ఏం జరుగుతోందో చెప్పదు. నేను పంతొమ్మిదేళ్ళుగా ఈ ఒక్క జబ్బే ఎక్కువగా చూస్తున్నాను, ప్రతి వారం ఎవరో ఒకరు మంచి ల్యాబ్ రిపోర్టు చేతిలో పట్టుకుని, చెడిపోయిన కంటితో వస్తారు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

సీఆర్‌పీ ఎక్కడ తయారవుతుందో తెలిస్తే సగం విషయం అర్థమైపోతుంది. అది కంట్లో పుట్టదు, కాలేయంలో పుడుతుంది. ఒంట్లో ఎక్కడైనా పెద్ద ఇన్‌ఫెక్షనో వాపో వస్తే అక్కడి కణాలు ఇంటర్‌ల్యూకిన్ 6 అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి, అది కాలేయానికి చేరితే కాలేయం సీఆర్‌పీ చెయ్యడం మొదలుపెడుతుంది, ఆరేడు గంటల్లో పెరగడం మొదలై రెండు రోజులకి పైకెక్కుతుంది, కారణం పోతే పంతొమ్మిది గంటలకి సగం చొప్పున దిగిపోతుంది. న్యుమోనియాకి, చీము పట్టిన అపెండిక్స్‌కి, కీళ్ళన్నీ వాచినవాళ్ళకి ఇది బాగా పనిచేస్తుంది. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దీన్ని మొదట కనిపెట్టింది కూడా న్యుమోకాకస్ సోకిన రోగుల రక్తంలోనే. ఇప్పుడు కన్ను సంగతి చూడండి. నల్లగుడ్డు వెనక ఉండే ముందు గదిలోని నీరు మొత్తం పావు మిల్లీలీటరు, అంటే ఐదారు చుక్కలు. పైగా కంటికీ రక్తానికీ మధ్య ఒక గట్టి అడ్డుగోడ ఉంటుంది, వాపు వచ్చినప్పుడు అది కొంచెం కారుతుంది గానీ ఆ కాస్త పదార్థం ఐదు లీటర్ల రక్తంలో కలిస్తే కాలేయం దాకా ఏం చేరుతుంది చెప్పండి. వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఊరి చెరువు గట్టు మీద నిలబడ్డవాడికి వాసన రాదు. కంట్లో కణాలు కిక్కిరిసి, చీము లాగా కింద పేరుకుని, చూపు చేతివేళ్ళు లెక్కపెట్టే స్థితికి పడిపోయిన రోజున కూడా సీఆర్‌పీ 2 ఉన్నవాళ్ళని నేను చూశాను.

ఇంకోటి, రిపోర్టులో యూనిట్ చూసుకోండి, దీంతో చాలామంది అనవసరంగా భయపడతారు. కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసీలీటరుకి ఇస్తాయి, రెండింటికీ పదింతలు తేడా. ఒక చోట 6 అని వచ్చి ఇంకో చోట 0.6 అని వస్తే జబ్బు తగ్గినట్టు కాదు, అదే నంబరు. మీ తమ్ముడి 3.8 లీటరుకి అయితే నార్మలే, డెసీలీటరుకి అయితే అది 38, అప్పుడు కథ వేరు. పక్కన నార్మల్ రేంజ్ ఎంత రాశారో ఒకసారి చూడండి. హెచ్‌ఎస్ సీఆర్‌పీ అని ఇంకోటి ప్యాకేజీల్లో వస్తుంది, అది గుండె జబ్బు రిస్క్ లెక్క కోసం వాడేది, దాని కటాఫ్‌లు వేరు, దాన్ని కంటికి ముడిపెట్టొద్దు.

ఈఎస్‌ఆర్ ఇంకా పాత మనిషి. నిలువు గొట్టంలో రక్తం పోసి గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందకి దిగాయో చూడటమే, వెస్టర్‌గ్రెన్ అనే స్వీడన్ డాక్టరు 1921 నాటికి పద్ధతిగా రాసిపెట్టాడు, ఈరోజుకీ అదే పేరు రిపోర్టు మీద ఉంటుంది. వాపు ఉంటే రక్తంలో ఫైబ్రినోజెన్ పెరిగి ఎర్రకణాలు నాణేలు పేర్చినట్టు అంటుకుని బరువుగా తొందరగా దిగుతాయి. కానీ రక్తం తక్కువున్నా దిగుతాయి, గర్భిణికి దిగుతాయి, వయసు పెరిగితే దిగుతాయి, కిడ్నీ జబ్బుకి దిగుతాయి, గొట్టం కొంచెం వాలినా ల్యాబ్ రూములో ఎండాకాలం వేడి ఎక్కువున్నా దిగుతాయి. మగవాళ్ళకి వయసులో సగం, ఆడవాళ్ళకి వయసుకి పది కలిపి సగం, ఇది మేం వాడే మోటు లెక్క. ఆ లెక్కన మీ తమ్ముడికి 15 దాటకూడదు, 44 ఎక్కువే, కొట్టిపారెయ్యను. కానీ అది కన్ను గురించి చెప్తున్న మాట కాదు, ఒంట్లో ఇంకెక్కడో ఏదో ఉందేమో చూడమని అడుగుతున్న మాట. హిమోగ్లోబిన్ ఎంతుంది, ఈ మధ్య జ్వరం వచ్చిందా, పన్ను నొప్పి ఉందా, బరువు తగ్గాడా, అన్నిటికంటే ముఖ్యంగా నడుము నొప్పి ఉందా. ఇంకో సంగతి, ఈఎస్‌ఆర్ నెమ్మదిగా దిగుతుంది, కారణం పోయాక కూడా వారాల తరబడి పైనే ఉంటుంది, అందుకే ఒకే రోజు సీఆర్‌పీ నార్మలూ ఈఎస్‌ఆర్ ఎక్కువా రావడం వింతేం కాదు, రెండింటికీ గొడవ లేదు, ఒకటి నిన్నటి మాట చెప్తుంది ఒకటి పోయిన నెల మాట చెప్తుంది.

మరి కంట్లో వాపు ఉందో లేదో ఎలా తెలుస్తుంది అంటే, మీ తమ్ముణ్ణి గడ్డం ఆనించి కూర్చోబెట్టి పక్క నుంచి సన్నటి వెలుగు వేసి చూస్తారు చూడండి, ఆ స్లిట్ ల్యాంప్. అదే అసలు టెస్టు. చీకటి గదిలో ఒక మిల్లీమీటరు పొడవు ఒక మిల్లీమీటరు వెడల్పు వెలుగు పట్టీని ముందు గదిలోకి వేస్తాం, తెల్లకణాలు ఆ వెలుగులో సినిమా హాలు ప్రొజెక్టర్ వెలుగులో దుమ్ము తేలినట్టు కనిపిస్తాయి, వాటిని నిజంగా లెక్కపెడతాం. ఒక్కటి కూడా లేకపోతే సున్నా, ఒకటి నుంచి ఐదు దాకా అర ప్లస్, ఆరు నుంచి పదిహేను ఒక ప్లస్, పదహారు నుంచి ఇరవై ఐదు రెండు, యాభై దాకా మూడు, యాభై దాటితే నాలుగు. 2005లో ప్రపంచం మొత్తం ఒకే లెక్క వాడాలని ఒప్పుకుని పెట్టుకున్న పద్ధతి ఇది. ఆ కాగితం మీద మీ డాక్టరు గారు సెల్స్ 2 ప్లస్, ఫ్లేర్ (ఆ నీటిలోకి ప్రొటీన్ కారి వచ్చే మసక) 1 ప్లస్ అని రాస్తారు, మీకు గజిబిజిగా కనిపిస్తుంది గానీ మీరు దాచుకోవాల్సిన రిపోర్టు అదే. వెనక భాగంలో వాపు అయితే ఓసీటీ అనే స్కాన్ తీసి రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో నీరు చేరిందా చూస్తాం, రక్తనాళాలు కారుతున్నాయా అని చేతికి ఫ్లోరెసిన్ మందు ఎక్కించి ఫొటోలు తీస్తాం. ఫ్లేర్‌ని లేజర్‌తో కొలిచే మెషీన్ కూడా ఉంది, అన్ని చోట్లా ఉండదు. ఎరుపు తగ్గడం నమ్మకమైన గుర్తు కాదు, చుక్కలు మొదలుపెట్టిన నాలుగైదు రోజులకే ఎరుపు పోతుంది, లోపల కణాలు అప్పటికి సగమే తగ్గి ఉంటాయి. అప్పుడు ఆపేస్తే మళ్ళీ ఎగదన్నుకొస్తుంది, కంటిపాప వెనక లెన్సుకి అతుక్కుపోతుంది, ఒకసారి గట్టిగా అతుక్కున్నాక విడదీయడం కష్టం, తర్వాత కంటి ప్రెషరూ శుక్లమూ వెంటే వస్తాయి. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టి ఒక్కో చుక్క తగ్గిస్తూ వస్తాం. కంటిపాపని పెద్దది చేసే ఇంకో చుక్క ఇచ్చి ఉంటారు, దాంతో దగ్గరి అక్షరాలు కనపడవని చాలామంది మానేస్తారు, అది అతుక్కోకుండా ఉండటానికే ఇచ్చింది, మానొద్దు.

మరి రక్తపరీక్షలన్నీ దండగా అంటే కాదు. వాటికి వేరే పనులున్నాయి, ఏ పరీక్ష ఏ ప్రశ్నకి జవాబు అన్నది తెలియకపోతేనే గందరగోళం. మీ తమ్ముడి రిపోర్టులో నాకు నిజంగా పనికొచ్చిన కాగితం ఒక్కటే, బీ27. ఈ జన్యువుకీ ఇలా ఒక్కసారిగా ఒక కంటికి వచ్చే యూవియైటిస్‌కీ సంబంధం ఉందని 1973లోనే తేలింది, అదే ఏడాది వెన్నెముక బిగుసుకుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్‌కీ తేలింది. కుర్రవాడు, ఒక్కసారిగా రావడం, ఒకసారి ఈ కన్ను ఒకసారి ఆ కన్ను, మధ్యలో పూర్తిగా తగ్గిపోవడం, ఇది అచ్చంగా బీ27 కథ. ఇది వాపుని కొలిచే పరీక్ష కాదు, పుట్టుకతో వచ్చిన గుర్తు, జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు, రెండోసారి చెయ్యమని ఎవరైనా అంటే డబ్బులు మిగుల్చుకోండి. పాజిటివ్ అన్నవాళ్ళందరికీ జబ్బు రాదు, ఈ జన్యువు ఉన్నవాళ్ళలో చాలామంది ఏ జబ్బూ లేకుండా ముసలివాళ్ళవుతారు. ఇంట్లో మిగతావాళ్ళకి పరీక్ష చేయిస్తామని అడుగుతారు, కంటి నొప్పో నడుము నొప్పో లేకపోతే అవసరం లేదు.

ఇప్పుడు నడుము సంగతి. మీరు రాయలేదు, అడిగి చూడండి. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుందా, లేవగానే అరగంట పైగా నడుము పట్టేసినట్టు ఉండి అటూ ఇటూ తిరిగితే సర్దుకుంటుందా, పడుకుంటే తగ్గాల్సింది పోయి ఎక్కువవుతుందా, మూడు నెలల పైగా ఉందా, ఒక్కోసారి ఈ పిర్రలో ఒక్కోసారి ఆ పిర్రలో నొప్పి వస్తుందా, మడమ నొప్పి ఉందా. బైకు మీద తిరిగి, కంప్యూటర్ ముందు కూర్చుని వచ్చిందనుకుని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, పెయిన్ కిల్లర్ వేసుకుని పనికి వెళ్ళిపోతారు. ఐర్లాండ్‌లో డబ్లిన్ డాక్టర్లు కంటి క్లినిక్‌కి ఇలా వచ్చినవాళ్ళని ఈ ప్రశ్నలడిగి బీ27 చూసి కీళ్ళ జబ్బుల డాక్టరు, అంటే రుమటాలజిస్టు దగ్గరికి పంపితే ఎంతోమందిలో అప్పటిదాకా ఎవరూ కనిపెట్టని వెన్నెముక జబ్బు బయటపడింది. నా క్లినిక్‌లో కూడా ఇదే చూస్తాను, కన్ను ముందు అరుస్తుంది, నడుము చాలా ఏళ్ళుగా గొణుగుతూనే ఉంటుంది. మీ తమ్ముడి ఈఎస్‌ఆర్ 44కి అసలు కారణం అక్కడ ఉండొచ్చు. ఆ వెన్ను జబ్బు ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి సీఆర్‌పీ నార్మలే ఉంటుంది, అందుకని నార్మల్ చూసి నడుముని వదిలెయ్యొద్దు, అవసరమైతే నడుము అడుగున వెన్నెముక కటి ఎముకలతో కలిసే కీళ్ళ ఎమ్మారై తీస్తారు.

ఏఎన్‌ఏ 1:80 గురించి మీరు లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిని దెబ్బతీసే ఆటో ఇమ్యూన్ జబ్బు) అని గూగుల్‌లో చూసి ఏడ్చానని రాశారు. దయచేసి ఆపండి. ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్లో 1:40 దగ్గర పరీక్షిస్తే దాదాపు ముగ్గురిలో ఒకరికి, 1:80 దగ్గర నూటికి పదమూడు మందికి, 1:160 దగ్గర కూడా నూటికి ఐదుగురికి పాజిటివ్ వస్తుంది. ఒంటి మీద దద్దుర్లు, నోటిపూత, కీళ్ళ వాపు, మూత్రంలో ప్రొటీన్ ఇవేవీ లేని 29 ఏళ్ళ కుర్రాడిలో 1:80కి అర్థం లేదు. ఈ పరీక్షని పెద్దవాళ్ళ యూవియైటిస్‌లో నేను అసలు రాయను.

కానీ ఇదే ఏఎన్‌ఏ ఒక చోట మాత్రం చాలా విలువైనది, ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో చిన్నపిల్లల తల్లిదండ్రులు ఉంటారు. మోకాలో చీలమండో వాచి కుంటుతున్న చిన్నపిల్లలు, మూడు నాలుగేళ్ళ ఆడపిల్లలు ఎక్కువ, వాళ్ళకి జువెనైల్ ఆర్థరైటిస్ అని తేలి ఏఎన్‌ఏ పాజిటివ్ ఉంటే వాళ్ళ కంట్లో యూవియైటిస్ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. దాంట్లో ఘోరం ఏంటంటే కన్ను తెల్లగానే ఉంటుంది, నొప్పి ఉండదు, పిల్ల ఆడుకుంటూనే ఉంటుంది. కొన్నేళ్ళ కిందట ఒక ఆరేళ్ళ పాపని తీసుకొచ్చారు, మోకాలి వాపుకి రెండేళ్ళుగా మందులు, నెల నెలా ఈఎస్‌ఆర్ సీఆర్‌పీ చేయించిన ఫైలు ఇంత లావు, అన్నీ నార్మల్, వాళ్ళమ్మ ఒక్క రిపోర్టు కూడా పారేయలేదు, తారీఖుల ప్రకారం పేర్చి పెట్టింది. ఆ రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పలేదు. టీవీ దగ్గరగా కూర్చుంటోందని అద్దాల కోసం తెచ్చారు. రెండు కళ్ళలోనూ నల్లగుడ్డు మీద సున్నం పట్టీ లాగా క్యాల్షియం పేరుకుంది, కంటిపాప లెన్సుకి చుట్టూ అతుక్కుపోయింది, శుక్లం వచ్చేసింది. మందులు, తర్వాత ఆపరేషన్ చేసి ఒక కంట్లో చదువుకునేంత చూపు నిలబెట్టగలిగాం, రెండోది దక్కలేదు. ఆ తల్లి నన్ను అడిగిన మాట, రిపోర్టులన్నీ బాగున్నాయి కదండీ అని. ఆ ప్రశ్నకి ఆవిడ ముందు కూర్చుని జవాబు చెప్పడం ఎంత కష్టమో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇలాంటి పిల్లల్ని మొదటి నాలుగేళ్ళు మూడు నెలలకోసారి స్లిట్ ల్యాంప్ మీద చూడాలి, కీళ్ళు తగ్గినా, రక్తం నార్మల్ ఉన్నా చూడాలి. అదీ చూపు కాపాడే పరీక్ష. ఇప్పుడు మందులు మంచివి ఉన్నాయి, మెథోట్రెక్సేట్‌కి అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్ కలిపి ఇస్తే ఎంత లాభమో 2017లో బ్రిటన్ పిల్లల మీద చేసిన ట్రయల్‌లో తేలింది, ఫలితం అంత స్పష్టంగా కనపడి ట్రయల్‌ని ముందే ఆపేశారు.

మాంటూ 14 గురించి. మన దేశంలో పెద్దవాళ్ళలో చాలామందికి టీబీ క్రిమి ఎప్పుడో సోకి నిద్రపోతూ ఉంటుంది, కాబట్టి 14 వచ్చిందంటే సోకింది అని అర్థం, కంట్లో టీబీ ఉంది అని కాదు. మాంటూ గానీ, దానికంటే ఖరీదైన క్వాంటిఫెరాన్ గానీ, నిద్రపోతున్న టీబీకీ మేలుకున్న టీబీకీ తేడా చెప్పలేవు. కంట్లో చూసిన ఆకారం ముఖ్యం. రెటీనా వెనక పాము పాకినట్టు పాకే మచ్చలు, సిరల చుట్టూ వాపు, ఐరిస్ మీద గడ్డలు, వీటికి మాంటూ పాజిటివ్ తోడైతే టీబీ మందులు ఆలోచిస్తాం. మీ తమ్ముడిలా ఇటూ అటూ మారే బీ27 వాపుకి మాంటూ ఒక్కటి చూసి ఆరు నెలలు టీబీ మందులు వాడించడం నేను ఒప్పుకోను, అందులో ఇథాంబ్యుటాల్ అనే మాత్ర కంటి నరాన్నే దెబ్బతియ్యగలదు, మిగతావి కాలేయాన్ని. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీయించి పెట్టుకోండి. ఈ మాంటూ రేపు ఇంకో సందర్భంలో పనికొస్తుంది, అది చివర్లో చెప్తాను.

మీ లిస్టులో లేని, ఉండాల్సిన పరీక్ష ఒకటుంది, సిఫిలిస్‌ది. వీడీఆర్‌ఎల్, దాంతోపాటు టీపీహెచ్‌ఏ. ఈ మాట అంటే ఇంట్లోవాళ్ళు నొచ్చుకుంటారు, మా తమ్ముడు అలాంటివాడు కాదండీ అంటారు. నేను ఎవరి శీలం గురించీ అడగట్లేదు, ఎనభై ఏళ్ళ తాతగారికీ రాస్తాను. సిఫిలిస్ ఏ రకం యూవియైటిస్ వేషమైనా వేస్తుంది, పెన్సిలిన్‌తో పూర్తిగా నయమవుతుంది, కనిపెట్టకుండా స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే కన్ను పోతుంది. పక్కన హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించండి. ఇన్‌ఫెక్షన్ అన్నది ఎప్పుడూ మనసులో ఉండాలి, 1993 వరదల తర్వాత మధురైలో గుంపులు గుంపులుగా యూవియైటిస్ కేసులు వస్తే ఆటో ఇమ్యూన్ అనుకోకుండా వెతికితే అది ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ ద్వారా వచ్చే లెప్టోస్పైరా అని తేలింది. మన వరిపొలాల్లో మోకాలి లోతు బురదలో పనిచేసేవాళ్ళకి జ్వరమొచ్చి తగ్గాక కన్ను ఎర్రబడితే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి.

మిగతావి తొందరగా చెప్తాను. ఏసీఈ అని ఒక రక్తపరీక్ష రాస్తారు, ఊపిరితిత్తుల్లోనూ కంట్లోనూ చిన్న గడ్డలు కట్టే సార్కాయిడోసిస్ కోసం, బీపీకి ఎనలాప్రిల్ రామిప్రిల్ లాంటివి వాడేవాళ్ళలో ఇది తప్పుగా తక్కువ చూపిస్తుంది, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా తగ్గిపోతుంది, పిల్లల్లో మామూలుగానే ఎక్కువుంటుంది, అందుకని ఛాతీ సీటీకి ఇది తోడు మాత్రమే. కంటి తెల్లగుడ్డు లోతుగా వాచి రాత్రిళ్ళు నిద్ర పట్టనంత నొప్పి వచ్చే స్క్లెరైటిస్‌లో మాత్రం ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఆన్కా, మూత్రపరీక్ష అన్నీ తప్పకుండా చేయించాలి, అక్కడ కన్ను ఒక కిటికీ, కిడ్నీలూ ఊపిరితిత్తులూ ప్రమాదంలో ఉండొచ్చు. టీనేజీ పిల్లలకి రెండు కళ్ళూ ఒకేసారి ఎర్రబడి నీరసం, ఆకలి లేకపోవడం ఉంటే చవకైన మూత్రపరీక్ష, క్రియాటినిన్ మర్చిపోవద్దు, కిడ్నీ వాపూ కంటి వాపూ కలిసి వచ్చే జబ్బు ఒకటుంది. తలనొప్పి, చెవిలో హోరు వచ్చి రెండు కళ్ళూ ఒకేసారి మసకబారే వీకేహెచ్ అనే జబ్బు మన దగ్గర తక్కువేం కాదు, దాంట్లో రెటీనా కింద నీళ్ళు చేరి లేచిపోయినా ఈఎస్‌ఆర్ సీఆర్‌పీ చాలాసార్లు మామూలుగానే ఉంటాయి. ఈ మధ్య సీబీసీ రిపోర్టులోంచి న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో భాగించి చూసుకుని వస్తున్నారు, స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే న్యూట్రోఫిల్స్ వాటంతట అవే పెరుగుతాయి, ఒక్క మనిషికి వైద్యం నడపడానికి ఆ లెక్క పనికిరాదు. ఆర్థరైటిస్ ప్రొఫైల్ అని అమ్మే ప్యాకేజీలో ఏఎస్‌ఓ, యూరిక్ యాసిడ్ ఉంటాయి, మీ తమ్ముడి కంటికి అవి అక్కర్లేదు.

ఈఎస్‌ఆర్ సీఆర్‌పీ చూసి నేను పరిగెత్తే సందర్భం ఒకటుంది, అది దాచకూడదు. యాభై దాటిన మనిషి, ముఖ్యంగా డెబ్భై పైన, కొత్తగా తలనొప్పి, దువ్వుకుంటే నెత్తి మీద నొప్పి, అన్నం నములుతుంటే దవడ లాగేయడం, ఒక కన్ను కాసేపు చీకటైపోయి మళ్ళీ రావడం. ఇది జెయింట్ సెల్ ఆర్టిరైటిస్, తలకీ కంటికీ వెళ్ళే ధమనులు వాచే జబ్బు. వాచింది పెద్ద రక్తనాళాలు కాబట్టి ఇక్కడ కాలేయానికి కబురు బాగానే అందుతుంది. పంజాబ్‌లో పుట్టి అమెరికా అయోవాలో పనిచేసిన సోహన్ సింగ్ హేరే 1997లో ఇచ్చిన లెక్కలు ఇప్పటికీ వాడతాం, ఈఎస్‌ఆర్ 47 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, సీఆర్‌పీ డెసీలీటరుకి 2.45 దాటి, రెండూ కలిసి ఉంటే ఈ జబ్బు అనడంలో 97 శాతం నిర్దిష్టత ఉంటుంది, అంటే ఈ జబ్బు లేనివాళ్ళలో నూటికి 97 మందికి అలా రాదు. మనవాళ్ళలో ఇది తెల్లవాళ్ళలో అంత ఎక్కువ కాదు గానీ ఉంది. అమెరికాలోనో లండన్‌లోనో పిల్లల దగ్గరికి వెళ్ళిన పెద్దవాళ్ళకి ఈ లక్షణాలు వస్తే జెట్ లాగ్ అనో మెడనొప్పి అనో అనుకోకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, స్టెరాయిడ్ వెంటనే మొదలుపెట్టాలి, బయాప్సీ కోసం కూడా ఆగకూడదు, ఆలస్యమైతే రెండో కన్ను రోజుల్లో పోతుంది. చూశారా, అవే రెండు పరీక్షలు, ఒక జబ్బులో చూపు కాపాడతాయి, మీ తమ్ముడి జబ్బులో తప్పుదారి పట్టిస్తాయి.

ఇక మందుల కోసం చేసే రక్తపరీక్షలు, ఇవి మాత్రం తప్పించొద్దు. ఏడాదికి మూడు నాలుగు సార్లు వస్తుంటే, నడుము జబ్బు కూడా ఉందని తేలితే, మళ్ళీ రాకుండా సల్ఫాసలజైన్, మెథోట్రెక్సేట్, అడాలిముమాబ్ లాంటివి మాట్లాడతారు. మెథోట్రెక్సేట్ మన దగ్గర ఎప్పటినుంచో వాడుతున్న చవకైన మందు, మన అరవింద్ హాస్పిటల్స్ కూడా పాల్గొన్న ట్రయల్ ఒకటి 2019లో వచ్చింది, 216 మంది మీద, దానికంటే ఖరీదైన మైకోఫెనొలేట్‌కి ఇది ఏమీ తీసిపోదని తేలింది. దీనికి సీబీసీ, కాలేయం, క్రియాటినిన్ మొదట్లో రెండు నాలుగు వారాలకి, తర్వాత రెండు మూడు నెలలకోసారి చూడాలి, అంతకుముందే హెపటైటిస్ బీ, సీ చూడాలి. ఒక్క మాట పెద్ద అక్షరాల్లో రాసి ఫ్రిజ్ మీద అంటించండి, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుని నోరంతా పుళ్ళు పడి తెల్లకణాలు పడిపోయి ఐసీయూలో చేరినవాళ్ళని చూశాను, చీటీ మీద రాత అర్థంకాక, షాపువాడు చెప్పింది విని. అడాలిముమాబ్ 2016లో యూవియైటిస్‌కి ఆమోదం పొందింది, మన దేశంలో దాని బయోసిమిలర్లు, అంటే అదే మందుకి వేరే కంపెనీలు చేసే దగ్గరి రూపాలు, 2014 చివరి నుంచే ఉన్నాయి కాబట్టి అప్పటికంటే అందుబాటులో ఉంది. అది మొదలుపెట్టే ముందు మాంటూ అవసరమవుతుంది, నిద్రపోతున్న టీబీని ఈ మందు లేపుతుంది, 14 ఉన్న మీ తమ్ముడికి కంటి కోసం కాదు గానీ ఈ ఇంజెక్షన్ కోసం ముందుగా టీబీ నివారణ మందు ఇవ్వాల్సి వస్తుంది. అందుకే ఆ మాంటూ తర్వాత పనికొస్తుందన్నాను. టోసిలిజుమాబ్ అని ఇంకో ఇంజెక్షన్ ఉంది, అది ఇంటర్‌ల్యూకిన్ 6 దారినే మూసేస్తుంది, దాంతో ఒంట్లో ఏమున్నా సీఆర్‌పీ పడిపోతుంది, ఆ మందు మీద ఉన్నవాళ్ళకి నార్మల్ సీఆర్‌పీకి అసలు విలువ లేదు, జ్వరం వస్తే నంబరు చూసి కాదు మనిషిని చూసి నమ్మాలి.

మీ అమ్మగారు వేడి చేసి రక్తం చెడిపోయిందని ఏదో కషాయం తెప్పించారని రాశారు. పెద్దావిడ మీద కోప్పడొద్దు, పత్యం ఆవిడ తృప్తి కోసం చేస్తే చెయ్యనివ్వండి, కానీ పేరూ ఊరూ లేని పొడులు మాత్రం వద్దు, అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉన్నవి నేను చూశాను, అవి వేసుకుంటే రెండ్రోజుల్లో నొప్పి పోయి మందు గొప్పదనిపిస్తుంది, లోపల షుగర్ పెరుగుతుంది, ఆపగానే కన్ను మళ్ళీ అంటుకుంటుంది.

ఈ వారం చెయ్యాల్సింది, చుక్కలు డాక్టరు గారు రాసిన లెక్క ప్రకారమే వెయ్యండి, బాటిల్ వేసే ముందు బాగా ఊపండి, ఆ తెల్లటి చుక్కల మందు అడుగున పేరుకుంటుంది, ఊపకపోతే నీళ్ళు వేసుకున్నట్టే. చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు సెల్స్ ఎంత, ప్రెషర్ ఎంత అని రెండే అడగండి, స్టెరాయిడ్ చుక్కలకి కొందరికి కంటి ప్రెషర్ పెరుగుతుంది. ప్రతి అటాక్ తారీఖూ, ఏ కన్నో, ఎన్ని రోజులకి తగ్గిందో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి, రుమటాలజిస్టుకి మీ ఫైలంతా కంటే ఆ ఒక్క పేజీ ఎక్కువ చెప్తుంది. నడుము ప్రశ్నలు ఈ రాత్రే అడగండి. సిఫిలిస్ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, హిమోగ్లోబిన్ చూపించే సీబీసీ చేయించండి, సీఆర్‌పీ మళ్ళీ నెల నెలా వద్దు. ఇక చూపు ఒక్కసారిగా తగ్గినా, చుక్కలు వేస్తుండగానే నొప్పి పెరిగినా, తేలే నల్లచుక్కలు గుంపుగా కనిపించినా అపాయింట్‌మెంట్ తారీఖు దాకా ఆగొద్దు, అదే రోజు వెళ్ళి స్లిట్ ల్యాంప్ ముందు కూర్చోమనండి.